పిట్ట ముట్టని ఇస్తారి

"ఆ గంటె కింద పెట్టు వదినె. ఇయ్యాళ బాపుకు నీ చేతి కూర వొద్దు."

స్వర్ణ చెయ్యి అప్పటికే గంటె మీద పడింది. సుహాసిని వదల్లేదు. పొయ్యి మీద తలకాయ కూర కుతకుతమంటోంది, పొగ ఇద్దరి మొహాల్లోకీ కొడుతోంది, వదినా మరదళ్ళిద్దరి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి.

"పొద్దుగాల్నించి పొయ్యికాడ నేనే గదా ఉన్న. ఉప్పేసుడు ఒక్కటే మిగిలింది స్వర్ణా."

"నేనేస్త. మా బాపుకు ఎంత ఉప్పు వడ్తదో నాకెర్క. అన్నకు ఫోన్ జెయ్యమంటే జెయ్యనోళ్ళు మామకు కూరొండుడేంది?"

"చేసిన. ఎన్నిసార్లు జెప్పాలె నీకు? చేసిన, ఎత్తలే."

"నువ్వు జేస్తె ఎత్తకుంటడా? బాత్రూంలకు గుడ ఫోన్ పట్కపోతడు మా అన్న!"

వేరే రోజైతే ఈ మాటకు ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వేవాళ్ళు. ఇవాళ నర్సింగమ్మ మేనత్త మాత్రం ఉల్లిగడ్డలు కోస్తూ కోస్తూ నవ్వు కనబడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మొన్న పొద్దుగాల ఫోన్ల నీకు చెప్పిన్నా లేదా?" స్వర్ణ గొంతు పెరిగింది. "బాపుకు ఊపిరాడుతలేదు, అన్నకు చెప్పు అన్ననా లేదా? రోజు ట్రాక్ మీదికి పోకముందు నీకు ఫోన్ జేస్తడు గదా మా అన్న. ఆ పొద్దు ఏం జెప్పినవ్ ఆయనకు?"

"ఆ పొద్దు ఆయన చెయ్యనే లేదు."

"గా ఒక్క పొద్దే చెయ్యలే! ఎంత మంచిగ కుదిరింది!"

"జర మెల్లగ మాట్లాడుండ్రే," అంది నర్సింగమ్మ. "ఊరంత ఇంటాంది."

"ఇననీ అత్తా. కొడుకుండంగ బిడ్డ నిప్పు వట్టిందని ఊరు చూడనే చూసింది. ఇంటె ఏం పోతది ఇగ!"

స్వర్ణ కుడి అరచేతికి గుడ్డ కట్టి ఉంది. తండ్రికి కొరివి పెట్టినప్పుడు కాలింది. అమాస రాకముందే శవాన్ని ఎత్తాలని పెద్దలు తొందరపెట్టారు, అన్న చెన్నై నుంచి వచ్చేసరికి మిగిలింది వెచ్చటి బూడిద. కాలిన చేత్తోనే ఇప్పుడు గంటె లాక్కుంది. సుహాసిని ఈసారి వదిలేసింది.

గోడకు ఆనుకుని కూర్చున్న లక్ష్మీనర్సమ్మ కోడలి వంక చూడలేదు, కూతురి వంకా చూడలేదు. మూడు రోజులుగా ఆమె చేస్తున్న పని ఒక్కటే. కొంగు చివర వేలికి చుట్టుకోవడం, విప్పడం. ఇవాళ మూడొద్దులు. ఆమె భర్త లింగస్వామిని కాల్చిన చోట ఇస్తారి పరిచి ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టాలి, పిట్ట వచ్చి ముట్టాలి. ముట్టేదాకా ఇంట్లో ఎవరి గొంతూ తడవకూడదు. ఆమె అయితే నిన్న మధ్యాహ్నం నుంచే గుక్కెడు నీళ్ళు ముట్టలేదు.

ఆ సమయంలో వాకిట్లో బండ మీద కూర్చున్న స్వర్ణ అన్న ఎల్లేష్ జేబులో ఫోన్ మోగింది.

అందరూ అటు చూశారు.

"చెప్పు బెంజమిన్."

బెంజమిన్ రాచకొండ బైకు రేసింగ్ టీం మేనేజర్. చౌటుప్పల్ హైవే పక్కన రేకుల షెడ్డులో వాళ్ళ వర్క్‌షాప్. సీజన్ మొదలవక ముందు చెన్నై దగ్గర ట్రాక్ కిరాయికి తీసుకుని బండ్లను పరీక్షిస్తారు, ఎల్లేష్ ఆ టీంకు చీఫ్ మెకానిక్, సుచరిత బండి నడిపే రేసరు.

"సారీ భాయ్, ఈ టైంల అడగొద్దు గని..." బెంజమిన్ నీళ్ళు నమిలాడు. "సుచరిత బండి ముందర చక్రం మలుపుల్ల ఎగురుతాంది అంటాంది. పొద్దుగాల్నించి రెండుసార్లు పొయ్యి వాపస్ వచ్చింది. ఎల్లేషన్న ఉంటెనే ఎక్కుత అంటాంది. నువ్వు ఆ రోజు ఫోర్క్ స్ప్రింగు ఎంత మీద పెట్టినవో ఇక్కడ ఎవ్వనికి సమజైతలేదు."

ఎల్లేష్ వీపు తనకు తెలియకుండానే నిటారు అయింది.

"ఏ టైర్ మీద?"

"మెత్తది."

"ఎండ ఎట్లుంది?"

"నెత్తి పలుగుతాంది."

"అయితె ముందర ఫోర్క్ రెండు క్లిక్కులు వదులు చెయ్యి. రెండే, మూడు గాదు. టైర్ల గాలి జర తగ్గించు. టైర్లకు చుట్టిన కరెంటు దుప్పట్లు తీసినంక ఆడ నిలవెట్టి ముచ్చట్లు పెట్టకుండ్రి, రబ్బరు సల్లవడ్తది, తియ్యంగనే పోవాలె. ఇంగొకటి. సుచరితకు చెప్పు, మూడో మలుపుల బ్రేక్ అంత లేటుగ పట్టొద్దని. అది బండి ఎగురుడు గాదు, ఆమె తొందర. నేనన్ననని చెప్పు, తిడ్తది, తిట్టనీ..."

చివరి మాటకు కొంచెం నవ్వు కూడా కలిసింది. మూడు రోజుల్లో ఎల్లేష్ ఇంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఫోన్ పెట్టేసి తలెత్తాడు. తల్లి కూడా కొంగు చుట్టుకోవడం ఆపేసి అతన్నే చూస్తోంది.

"అయిందా అన్నా నీ బండికి మందేసుడు?" అంది స్వర్ణ మెల్లగా. "ఇగ బాపుకు పెడదమా?"

*

ఇంటి వెనక గొర్ల దొడ్డి. మూడు రోజులుగా మందను సరిగ్గా ఎవరూ తోలుకుపోలేదు, గొర్రెలు కంచె మీదికి మూతులు చాచి అరుస్తున్నాయి. సుహాసిని బకెట్లతో నీళ్ళు తెచ్చి తొట్టిలో పోస్తోంది. ఎల్లేష్ వెనకాలే వచ్చి బకెట్ పట్టుకున్నాడు.

"ఇడువు," అంది. "కూర మీ చెల్లె చూస్కుంటాంది. నన్ను గొర్లకు నీళ్ళు పెట్టమన్నది. గవ్విటికైతె నా చెయ్యి పనికొస్తదట."

"సుహా, ఒక మాట చెప్పాలె."

"ఎప్పుడు పోతున్నవ్ చెన్నైకి? గదేనా?"

"గది గాదు."

"మరేంది? చెప్పు. పని ఉన్నది నాకు."

ఎల్లేష్ కంచె కర్ర పట్టుకున్నాడు. ఒక పొట్టేలు వచ్చి అతని మోకాలిని తలతో నెట్టింది, తండ్రిని నెట్టే అలవాటు దానికి. ఈ మందలో పెరిగినవాడు ఇంజన్ల వెంట పోతే లింగస్వామి ఒక్కరోజు కూడా వద్దనలేదు. ఒకసారి చౌటుప్పల్ షెడ్డుకు వచ్చి రేసు బండి చుట్టూ తిరిగి చూసి, "లైట్లు లేవు, అద్దాలు లేవు, ఆఖరికి నిలవెట్ట స్టాండు గుడ లేదు, ఈననీకొచ్చిన గొర్రె లెక్క ఎప్పుడు ఒకడు పట్టుకోని ఉండాల్నారా దీన్ని?" అంటే టీం మొత్తం నవ్వింది. ఎల్లేష్ అయితే, "అవు బాపూ, నేనే పట్టుకోని ఉంట," అన్నాడు.

"నేను చూసిన," అన్నాడిప్పుడు.

"ఏం జూసినవ్?"

"స్వర్ణ ఫోన్. డబ్బాల ఏసేటప్పుడు. మోగుతాంది. పేరు కనవడ్డది."

సుహాసిని బకెట్ కింద పెట్టింది. సగం నీళ్ళు ఒలికిపోయాయి.

డబ్బా సంగతి ఆమెకు కొత్త కాదు. చౌటుప్పల్లో ఎంతమంది ముందు గొప్పగా చెప్పుకున్నాడో! పోయిన ఏడు ఒక మెకానిక్ ఫోన్ చూసుకుంటూ వెనక చక్రం ఇరుసు నట్టు బిగించడం మరిచిపోయాడు. బండి ట్రాక్ మీదికి కదిలే ముందు ఎల్లేష్ కంట పడింది కాబట్టి సరిపోయింది, లేకపోతే సుచరిత ఇవాళ ఉండేది కాదు. ఆ రోజే రూలు పెట్టాడు. ఇంజన్ స్టార్ట్ చేసే ముందు అందరి ఫోన్లూ మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పడాలి, బండి తిరిగొచ్చి ఆగేదాకా మూత తీయకూడదు. మేనేజర్‌దైనా సరే. అందరికంటే ముందు తన ఫోన్.

"పొద్దుగాల్నించి ఫోర్కుల కాడనే ఉన్న, నీకు గుడ చెయ్యలే," అన్నాడు ఎల్లేష్. "సుచరిత హెల్మెట్ పెట్టుకుంది. బండి వేడయింది. దుప్పట్లు తీసినం. ఆ రోజు ఆగకుంట రేసంత పొడుగు తిప్పాలె, సీజన్ మొత్తం దాని మీదనే ఉన్నది. అందరు నా చెయ్యి దిక్కే చూస్తున్నరు, నేనేస్తెనే వాళ్ళేస్తరు గదా. అప్పుడు మోగింది. నా రూలు నేనే తప్పితె రేపు ఎవడింటడు? అయినంక చేద్దామనుకున్న. గొర్రె ఈనిందనో, బోరు మోటరు కాలిందనో చేస్తది గదా స్వర్ణ ఎప్పుడు... గట్లనే అనుకున్న."

"మూత ఎవరు వెట్టిన్రు?"

"నేనే."

"తర్వాత నేను చేసినయి?"

"అండ్లనే మోగినయి."

గొర్రెలు ఒలికిన నీళ్ళను నేల మీదే నాకుతున్నాయి. సుహాసిని వాటినే చూస్తూ నిలబడింది, ఎల్లేష్‌కు ఆమె ఒక తిట్టు తిట్టినా బాగుండనిపించేంతసేపు.

"మొన్నటి సంది మీ చెల్లె నన్ను ఏమేమంటాందో ఇంటున్నవ్ గదా," అంది చివరికి. "బండ మీద కూసోని ఇంటున్నవ్."

"నోరు వస్తలేదు సుహా."

"ఫోర్కులకు వచ్చింది గదా నోరు!"

ఎల్లేష్ పొట్టేలు మెడ మీద చెయ్యి వేశాడు.

"మామ పొయ్యిండని నాకు ఫోన్ వచ్చినప్పుడు ఫ్యాక్టరీల ఉన్న. యూనిఫాం మీదనే బస్సెక్కి వచ్చిన. వచ్చిన నన్ను మీ చెల్లె గడపల్నే ఆపి అడిగింది, మా అన్నను ఎందుకు ఆపినవ్ అని. ఆమెకు జవాబు చెప్పలేక సచ్చిన. నాకే అనుమానమొచ్చింది ఎల్లేష్, ఇంగ కొంచెం గట్టిగ ప్రయత్నం జేస్తె అయ్యేదేమో, ఆ ట్రాక్ గేటోళ్ళ నంబరు ముందే దొరకవట్టాల్నేమో అని. తప్పు నాదేనేమో అనుకున్న. నీకు తెల్సి గుడ నన్ను అనుకోనిచ్చినవ్."

"ఇయ్యాళ చెప్త. పిట్టకాడ. అందరి ముందట, బాపు ముందట చెప్త."

"చెప్తవా?"

"చెప్త. స్వర్ణ ఇగ నన్ను అన్న అనది. అయినా చెప్త."

"చెప్పకుంటె నన్ను వదినె అంటదా?"

ఒట్టు వేయబోయినట్టు ఎల్లేష్ చెయ్యి ఆమె తల మీదికి లేచింది. సుహాసిని ఒక అడుగు వెనక్కి వేసింది.

"నా నెత్తి మీద వొద్దు. నోటితోని చెప్పు, చాలు."

*

ఊరి బయట కంచె భూమిలో, నల్లటి బండల నడుమ, బూడిద ఎత్తేసిన జాగాలో ఇస్తారి పరిచారు. జొన్నరొట్టె, తలకాయ కూర, ఉడకబెట్టిన గుడ్లు, శెనగ గుడాలు, కల్లు సీసా, బీడీ కట్ట. లింగస్వామి తమ్ముడు సైదులు అన్నీ సర్ది, ఒక బీడీ తీసి ముట్టించి, రెండు దమ్ములు లాగి ఇస్తారి పక్కన పెట్టాడు.

"సగం నువ్వే తాగి పెడ్తె ఎంగిలిది ముడ్తడా అన్న?" అంది నర్సింగమ్మ.

"నా ఎంగిలి బీడీ తాగకుండ ఒక్కనాడన్న ఉన్నడా అక్కా? మంచిగ అంటుకోవాలె గదా... ఇగ జరుగుండ్రి, దూరం జరుగుండ్రి, అన్న వస్తడు."

అందరూ జరిగి బండల మీద కూర్చున్నారు. ఎండ మొహం మీదికి వచ్చింది. కాసేపటికి ఒక కాకి వచ్చి ఎదురుగా ఉన్న బండ మీద వాలింది. అందరూ ఊపిరి బిగబట్టారు. కాకి ఇస్తారి వంక చూసింది, తల తిప్పింది, ముక్కును బండకు రుద్దుకుంది, అక్కడే ఉండిపోయింది.

"ఏదో ఫికర్ ఉన్నది అన్నకు," అన్నాడు సైదులు. లేచి నిలబడి చేతులు జోడించాడు. "అన్నా, ఉత్తరం గట్టు లొల్లి ఇడిసిపెడ్త. గట్టు నీదే. నీ బిడ్డకే ఇస్త. తిను."

కాకి కదల్లేదు.

"గట్టు కోసం గాదు," అంది నర్సింగమ్మ.

"మరి నా నోట్లకెళ్ళి ఊకెనే అనిపించినవా!" అన్నాడు సైదులు, అని వెంటనే కళ్ళు తుడుచుకున్నాడు.

లక్ష్మీనర్సమ్మ కూర్చున్న చోటు నుంచే అంది. "నేను మంచిగనే ఉంటనయ్యా. ఏడ్వ. తిను."

తర్వాత స్వర్ణ. గుడ్డ కట్టిన చెయ్యి గుండెలకు ఆనించుకుంది. "మందను అమ్మనియ్య బాపూ. నీ పొట్టేలును ఎవ్వనికియ్య. రోజు నేనే తోల్కపోత. తిను బాపూ, అమ్మ సల్లవడ్తాంది."

కాకి ఎగిరి ఇంకా దూరం బండ మీద కూర్చుంది.

సైదులు ఎల్లేష్ వంక తిరిగాడు. "ఇగ నువ్వేరా. ఒక్క కొడుకువి. నీదే ఉన్నది ఆయన మనసుల."

ఎల్లేష్ లేచాడు. సుహాసిని తల వంచుకునే ఉంది, కానీ ఆమె వేళ్ళు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. అతను ఇస్తారి దాకా నడిచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"బాపూ," అన్నాడు. "ఆ పొద్దు... నేను..."

"మాట్లాడన్నా." వెనక నుంచి స్వర్ణ గొంతు పగిలింది. "నీ గొంతే ఇనాలనుకున్నడు. నీకెవ్వరు చెప్పలే గదా, నేను గుడ చెప్పలే. నీకు ఫోన్ కలిపి బాపు చెవికాడ పెట్టిన. మోగి మోగి ఆగిపొయ్యింది. ఇగ ఆ కంపెనీ ఆడామె మాట్లాడింది గదా, మీరు కాల్ చేస్తున్న వ్యక్తి స్పందించడం లేదు, కాసేపటి తర్వాత ప్రయత్నించండి అని. బాపు అది మొత్తం ఇన్నడు. ఇని... ఆమెకు జవాబు చెప్పిండన్నా. 'మంచిదమ్మా, ఆగుత,' అన్నడు."

లక్ష్మీనర్సమ్మ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

"గంతే. గదే ఆఖరి మాట. నాతోని గాదు, అమ్మతోని గాదు. ఆ ఫోనుల ఆమెతోని అన్నడు. మంచిదమ్మా, ఆగుత, అని."

ఎల్లేష్ నోరు తెరిచే ఉంది. మాట అక్కడే, పెదాల వెనకే ఉంది, రాలేదు. మూత పెట్టిన తన చెయ్యి, ఆ చేతి కింద వణుకుతున్న ఫోన్, అప్పుడే ఇక్కడ, కల్వకుర్తి అవతలి ఈ ఊళ్ళో ఒక మంచం మీద ఆగుతానంటున్న తండ్రి. అతను రెండు చేతులూ నేలకు ఆనించాడు. భుజాలు కదిలాయి. శబ్దం మాత్రం లేదు.

"చెప్పురా," అన్నాడు సైదులు. "ఆ రేసులు బంద్ జేస్త, ఇంటికొస్త అని చెప్పు. తింటడు."

ఎల్లేష్ తల అడ్డంగా ఊగింది. అది రేసులకు కాదనడమో, మాట రాదనడమో ఎవరికీ తెలియలేదు.

ఎండ ముదిరింది. కూర మీద ఈగలు ముసిరాయి. లక్ష్మీనర్సమ్మ కూర్చున్నదల్లా మెల్లగా పక్కకు ఒరిగింది, నర్సింగమ్మ పట్టుకుని, "గుక్కెడు నీళ్ళు తాగు వదినె, తప్పులేదు," అంటే పళ్ళు గట్టిగా బిగించింది. "ఆయన తినకుంట నేను తాగాల్నా?" అంది, పళ్ళ సందుల్లోంచే.

సుహాసిని అత్త మొహం చూసింది. పెదాలు తెల్లగా పగిలి ఉన్నాయి. భర్త వీపు చూసింది. ఇంకా కాసేపు చూసింది. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు.

చెప్పలేదు.

ఆమె లేచి వచ్చి ఎల్లేష్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. కొంగు తల మీదికి లాక్కుంది.

"మామా," అంది. "నీ కొడుకుది ఏం తప్పులే. ఆ పొద్దు నాకు ఫోన్ చేసిండు. బాపు ఎట్లున్నడని అడిగిండు. అప్పటికే స్వర్ణ నాకు చెప్పింది. నేనే దాచిన. మంచిగనే ఉన్నడు, నువ్వు నీ పని చూస్కో అన్న. పరీక్ష ఖరాబైతదని. నేనే ఆపిన మామా. ఆయనకు తెల్వదు. తెలిస్తె ఉరికొస్తుండె. నన్ను తిట్టుకో, తిను. అత్త నీళ్ళు తాగాలె."

తర్వాత ఆమె ఎల్లేష్ వైపు తిరిగింది. తిరిగి ఆగింది. అతని కళ్ళలోకి చూసింది. కాదు అనే ఒక్క మాట. లేదా చెయ్యి పట్టుకుని ఆపడం. అదీ కాకపోతే తల ఊపడం.

ఎల్లేష్ ఆమెనే చూస్తున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు.

రెక్కల చప్పుడు.

"ముట్టింది!" అని సైదులు అరిచాడు. "ముట్టిందే, ముట్టింది! గుడ్డు వట్టింది చూడుండ్రి!"

కాకి ఇస్తారి మీద ఉంది. దాని వెనకే ఇంకో రెండు దిగాయి. నర్సింగమ్మ ఏడుస్తూ నవ్వుతూ నీళ్ళ సీసా మూత తీసి లక్ష్మీనర్సమ్మ నోట్లో నీళ్ళు పోసింది. ఆమె గుటకలు వేస్తుంటే చూసి అక్కడున్న ఆడవాళ్ళంతా ఒకేసారి ఏడ్చారు. నిజం బయటపడింది కాబట్టే వచ్చాడు, అన్నారు ఒకరు. మనసుల ముల్లు తీసినట్టయింది పాపం లింగన్నకు, అన్నారు ఇంకొకరు. ఇప్పుడు సుహాసిని మాటను కాదనాలంటే పిట్టను కూడా కాదనాలి.

స్వర్ణ సుహాసిని ముందుకు వచ్చి నిలబడింది. కొడుతుందనే అనుకున్నారు అందరూ. కొట్టలేదు. పొద్దుటి అరుపులన్నీ ఎటు పోయాయో, గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"నేను ఊకె కోపానికి అన్న వదినె. కాదంటవనే అన్న."

సుహాసిని తల దించుకుంది.

"దినాలకు నువ్వు రావొద్దు. చౌటుప్పల్ల ఇల్లు నీది. గీ గడప నాది. అమ్మ ఉన్నన్నొద్దులు, నేను ఉన్నన్నొద్దులు తొక్కొద్దు."

"స్వర్ణా..." అన్నాడు ఎల్లేష్. రెండు అక్షరాలు కూడా సరిగ్గా పలకలేదు.

"నువ్వేం మాట్లాడకన్నా, ఆమె తరపున ఒక్క మాట మాట్లాడకు!" అని స్వర్ణ అతని మీద పడిపోయింది, చిన్నప్పుడు గొర్రెపిల్ల చచ్చిపోయిన రోజు పడ్డట్టు మెడ చుట్టూ చేతులు వేసి, కాలిన చెయ్యి నొప్పి కూడా మరిచి. "మొన్నటి సంది నిన్ను మనసుల తిట్టుకున్న. బాపు కంటె బండి ఎక్కువైంది అనుకున్న. నా నోరు పడిపోను. నీకు తెల్వనే తెల్వదు. నీ తప్పేం లేదు గదా అన్నా? లేదు గదా?"

చెప్పులేసుకుంటున్న సుహాసిని ఒక కాలి దగ్గర ఆగిపోయింది. వీపు ఇటే ఉంది. తల కొంచెం పక్కకు తిరిగింది, వినడానికి.

చెల్లెలి తల ఎల్లేష్ గడ్డం కింద ఉంది. వెక్కిళ్ళు అతని గుండెకు తగులుతున్నాయి. అవతల తల్లి, మూడు రోజుల తర్వాత మొదటిసారి, అతన్ని చూసి మొహం విప్పింది.

"ఊ," అన్నాడు.

సుహాసిని రెండో చెప్పు వేసుకుంది. బండల మీదుగా, ఎవరికీ చెప్పకుండా, కల్వకుర్తి బస్సు వచ్చే రోడ్డు వైపు నడిచింది.